లేని గర్భసంచికి వచ్చిన రోగం

2023 ఎండాకాలం. దమ్మపేట మెయిన్ రోడ్డు మీద ఎరువుల దుకాణం పైన ఉన్న ఒంటి గది నా ఆఫీసు. కింద నుంచి పురుగుమందుల వాసన వస్తుంటుంది, కిటికీలోంచి పామాయిల్ గెలలు మోసుకెళ్ళే ట్రాక్టర్ల మోత వినిపిస్తుంటుంది. ఆ రెండిటి మధ్య కూర్చుని నేను హెల్త్ ఇన్సూరెన్స్ పాలసీలు చేస్తాను. ఒక కంపెనీకే కట్టుబడిన దాన్ని కాదు. నాలుగైదు కంపెనీల పాలసీలు నా దగ్గరుంటాయి. వచ్చినవాళ్ళ వయసు, ఒంటి తీరు, చేతి వీలు చూసి ఎవరికి ఏది నప్పుతుందో చెప్పడం నా పని.

నా దగ్గరకు వచ్చేవాళ్ళలో సగానికి పైగా రిటైరైనవాళ్ళే. పంతుళ్ళు, ఫారెస్టు గార్డులు, బస్సు డ్రైవర్లు, ఆఫీసు గుమాస్తాలు. రిటైరైన రోజు శాలువా కప్పి, దండ వేసి, గోడ గడియారం చేతిలో పెట్టి పంపిస్తారు. మర్నాటి నుంచి మోకాళ్ళు మొదలవుతాయి. పింఛనుదారులకు సర్కారు హెల్త్ కార్డు ఉంటుంది గానీ అది అన్ని ఆసుపత్రుల్లోనూ చెల్లదు, అన్ని రోగాలకూ చాలదు. అందుకని దాని మీద ఇంకో పాలసీ కావాలంటారు. దాన్ని మేం టాప్-అప్ అంటాం. ఖర్చు ఒక గీత దాకా కార్డో చేతి డబ్బో చూసుకుంటుంది, గీత దాటాక కంపెనీ అందుకుంటుంది. ఆ గీత పేరు డిడక్టిబుల్. ఈ ఒక్క మాట అర్థమయ్యేలా చెప్పడానికి నాకు రోజుకు రెండు ఫ్లాస్కుల టీ ఖర్చవుతుంది.

ఆ ఎండాకాలంలో ఒకరోజు పురుషోత్తం సారు మెట్లెక్కి వచ్చారు. హైస్కూల్లో నాకు లెక్కలు చెప్పిన సారు. తరువాత హెడ్మాస్టరై, ఆ ఉద్యోగంలోనే రిటైరయ్యారు. మా బడిలో ఆయనకొక పద్ధతి ఉండేది. పక్కవాడి లెక్క చూసి రాసినవాడికీ, చూపించినవాడికీ ఒకే శిక్ష. చూపించినవాడు "నా తప్పేముంది సార్" అని ఏడ్చినా వినేవారు కాదు. ఆయన గదిలోకి రాగానే ఈ వయసులోనూ నేను లేచి నిలబడ్డాను.

వెంట భార్య అనసూయమ్మగారు. కాఫీ గింజ రంగు చీర, పెద్ద బొట్టు. నేను వేసిన కుర్చీలో అంచు మీద కూర్చున్నారు, ఎప్పుడైనా లేచి వెళ్ళిపోవడానికి సిద్ధంగా ఉన్నట్టు. ఆవిడ్ని నేను ఎరుగుదును. వాళ్ళిల్లు మా మండలంలోనే ఉంది, ఊరి పేరు మాత్రం చెప్పను. తాతల నాడు కృష్ణా వైపు నుంచి వచ్చి ఇక్కడ భూములు కొన్న కుటుంబం. సారుకు నాగేశ్వర్రావు తమ్ముడు. అనసూయమ్మ, సుగుణమ్మ అక్కాచెల్లెళ్ళు. అక్కను అన్నకూ, చెల్లెను తమ్ముడికీ ఇచ్చి ఒకే పందిట్లో పెళ్ళిళ్ళు చేశారు. తోడికోడళ్ళు పడరని భయపడే ఇళ్ళలో మా వైపు ఇదొక ఉపాయం. అక్కాచెల్లెళ్ళనే తోడికోడళ్ళను చేస్తే పొయ్యి రెండు కాదని. ఆ ఇంట్లో పొయ్యి నిజంగానే ఒకటి. సారుకు పింఛను, నాగేశ్వర్రావుకు పామాయిల్ తోట. అక్కాచెల్లెళ్ళకు ఇంటిపేరు ఒకటే, ముక్కూ మొహమూ ఒకటే. దూరం నుంచి నడిచొస్తుంటే ఎవరు ఎవరో మా అమ్మకే తెలిసేది కాదు.

నేను సారు ముందు మూడు కంపెనీలు పెట్టాను. మొదటిదానికి ప్రీమియం తక్కువ, టెస్టులు అక్కర్లేదు. కానీ ప్రతి బిల్లులో కొంత భాగం మనమే పెట్టుకోవాలి, దాన్ని కో-పే అంటారు. రెండోదాని ఆసుపత్రుల జాబితా చాంతాడంత ఉంటుంది గానీ పేరున్నవన్నీ హైదరాబాదులోనే, గుండె పట్టేసినప్పుడు హైదరాబాదు ఎవరికి అందుతుంది? మూడోదానికి ప్రీమియం ఎక్కువ, పాలసీ ఇచ్చే ముందు రక్తం, ఈసీజీ, కడుపు స్కానింగు అన్నీ చేయిస్తుంది. నా ఓటు మూడోదానికే.

సారు ఎందుకని అడిగారు. ముందుగా చూసుకున్న కంపెనీ తరువాత పేచీ తక్కువ పెడుతుంది సార్ అన్నాను. పిల్లను చూడకుండా తాళి కట్టినవాడే తరువాత వంకలు వెతుకుతాడని కూడా అన్నాను. ఆయన నవ్వారు. అనసూయమ్మగారు నవ్వలేదు.

"టెస్టుల్లేని కంపెనీ చాలదా అమ్మా?" అన్నారు. ఆ గంటసేపట్లో ఆవిడ అడిగింది అదొక్కటే.

సూదంటే భయం కాబోలనుకున్నాను. మా రిటైర్డ్ వాళ్ళలో పులిని చూసి బెదరని ఫారెస్టు గార్డులు కూడా సూదిని చూసి కళ్ళు మూసుకుంటారు. అందుకే పట్టించుకోక, ఇంతకు ముందు ఏవైనా ఆపరేషన్లయ్యాయా అని అడిగాను. కార్డు మీద జరిగింది ఏదైనా కంపెనీకి ముందే చెప్పాలి, దాస్తే క్లెయిము పోతుంది. సారు కిటికీ వైపు తిరిగి బదులిచ్చారు.

మూడేళ్ళ కింద భార్యకు గర్భసంచి తీసేశారని, కార్డు మీదే చేయించామని చెప్పారు. అవునా అమ్మా అని ఆవిడ్ని అడిగాను. నేల చూస్తూ "అవ్" అన్నారు. ఆసుపత్రి ఇచ్చిన డిశ్చార్జి కాగితం మర్నాడు సారే తెచ్చిచ్చారు. నేను ప్రపోజల్‌కు, అంటే పాలసీ దరఖాస్తుకు, జత చేశాను.

ఇక టెస్టుల రోజు కుదరడమే గగనమైంది. ఒకసారి ఉపవాసమన్నారు. ఒకసారి చుట్టాలింట్లో దినమన్నారు. ఇంకోసారి మోకాలు. అనసూయమ్మగారి మోకాలు సూది పేరెత్తితేనే నొస్తుందని నేను ఫోనులో వేళాకోళం కూడా చేశాను. సారు మాత్రం పట్టుదల మనిషి, పని మొదలుపెడితే పూర్తి కావాల్సిందే. ఆఖరికి ఒక కారు కిరాయికి మాట్లాడి ముగ్గురం కొత్తగూడెం బయల్దేరాం. కంపెనీ ఒప్పుకున్న స్కానింగు సెంటరు అక్కడే ఉంది.

అనసూయమ్మగారు ఆ రోజు ముదురు మెరూన్ చీర కట్టుకున్నారు. అంత ఎండలో ఆ రంగేమిటని మనసులో అనుకున్నానే గానీ అడగలేదు.

సారుకు రక్తం తీయడం, ఈసీజీ అయిపోయాయి. అనసూయమ్మగారిని స్కానింగు గదిలోకి పిలిచారు. నేను బయట బల్ల మీద కూర్చుని ఇంకో క్లయింటుతో ఫోనులో ఉన్నాను. తలుపు కొంచెం తెరుచుకుని, ఏజెంటు ఎవరని అడిగింది డాక్టరమ్మ. నేనేనంటే లోపలికి రమ్మంది. తలుపు వేసి, గొంతు తగ్గించి అడిగింది.

"పాలసీ ఒకరికి, పరీక్షకు పంపేది ఇంకొకరినా? ఎన్నాళ్ళ నుంచి చేస్తున్నారీ పని?"

 ఇన్నేళ్ళ వృత్తిలో నన్ను బేరాల మనిషని అన్నవాళ్ళున్నారు, నసపెడతావన్నవాళ్ళున్నారు, దొంగ అన్నవాళ్ళు లేరు. మనిషిని మార్చి టెస్టులు చేయించే ఏజెంట్లున్నారని మా లోకంలో అందరికీ తెలుసు. దొరికితే కోడ్ పోతుంది, అంటే ఇక ఏ కంపెనీకీ పని చేయలేం. ఏమంటున్నారు మేడమ్ అన్నాను. 

ఆవిడ తెర వైపు చూపించింది. నాకు స్కానింగు చదవడం రాదు, బూడిద రంగు మబ్బుల్లా కనిపిస్తుంది. ఆ మబ్బుల మధ్య వేలు పెట్టి, ఇది గర్భసంచి అంది. కాగితంలో తీసేశామని రాసుంది, బల్ల మీద పడుకున్న మనిషికి ఉంది, అంటే ఈ మనిషి ఆ మనిషి కాదు. అంత సూటిగా చెప్పింది.

నేను ఆధార్ కార్డు తీసి మొహం పక్కన పెట్టి చూశాను. చూడక్కర్లేదు, చిన్నప్పటి నుంచి ఎరిగిన మొహం. అనసూయమ్మగారే. తీసేసిన గర్భసంచి మళ్ళీ మొలుస్తుందా? మనిషి తానే, కాగితమూ తనదే, కడుపు మాత్రం ఆ కాగితం చెప్పిన కడుపు కాదు.  

డాక్టరమ్మ నా మొహం చూసి కొంచెం మెత్తబడింది. పాలసీ సంగతి మీరూ మీరూ చూసుకోండి గానీ ఇంకో విషయం ఉందని చెప్పింది. గర్భసంచి లోపలి పొర మందంగా ఉంది, ముట్లు ఆగిపోయిన వయసులో అలా ఉండకూడదు. ఈమె ఎవరైనా సరే, ఆలస్యం చేయకుండా లేడీ డాక్టరుకు చూపించి ముక్క పరీక్ష, అంటే బయాప్సీ, చేయించాలి. రక్తం కనిపిస్తోందేమో అడగమంది.

నేను అడగక్కర్లేకపోయింది. అనసూయమ్మగారు లేచి కూర్చుని, పొట్ట మీద జిగురు తుడుచుకుంటున్నారు. తల ఎత్తకుండానే చెప్పారు. పోయిన వానాకాలం నుంచి అవుతోందట. మొదట కొంచెం, తరువాత ఎక్కువగా.

"ఇన్నాళ్ళూ ఎవరికీ ఎందుకు చెప్పలేదమ్మా?"

ఆవిడ చీర కుచ్చిళ్ళు సర్దుకుంటూ అన్నారు. "కాగితాల మీద నాకు గర్భసంచే లేదు కద బిడ్డా. లేనిదానికి రోగమొచ్చిందని ఎవరికి చెప్పాలె?"

  కోపం, భయం, నా కోడ్ సంగతి, అన్నీ ఆ ఒక్క మాటతో ఎటో పోయాయి. మెరూన్ చీర ఎందుకో, కాఫీ గింజ రంగు చీర ఎందుకో, ఆ ఏడాదంతా ఆవిడ ముదురు రంగులే ఎందుకు కట్టారో అప్పుడు నా బుర్రకెక్కింది.

బయటకొచ్చాం. సారు వరండాలో ఇనుప కుర్చీలో కూర్చుని, టెస్టులన్నీ బాగానే వచ్చాయా అని అడిగారు. నేను చెప్పాను. ఆపరేషన్ సంగతి వినగానే ఆయన మొహం వాడిపోయింది గానీ ఆశ్చర్యపోలేదు. ఆయనకు తెలిసినదే, స్కానింగులో అది బయటపడుతుందని మాత్రం ఆయనకు తట్టలేదట. రక్తం సంగతి చెప్పినప్పుడు మాత్రం లేచి నిలబడ్డారు, మళ్ళీ కూర్చున్నారు. భార్య వైపు చూశారు.

"నాకెందుకు చెప్పలే?"

"చెప్తే దవాఖానకు తీస్కపోతరు. ఆడ చెల్లె సంగతి బయటపడ్తది. మీ పింఛనుకు ఎసరొస్తది."

సారు చేతులతో మొహం కప్పుకున్నారు. క్లాసులో బల్ల మీద కొడితే నలభై మంది గప్‌చుప్ అయ్యే చేతులవి. చూడలేక పక్కకు తిరిగాను.

తిరుగు ప్రయాణంలో కథంతా తెలిసింది. అంతకు మూడేళ్ళ ముందు సుగుణమ్మకు గర్భసంచిలో గడ్డలు పడ్డాయి. మంచం దిగితే రక్తమే. నాగేశ్వర్రావుకు భూములున్నాయి కాబట్టి పేదల పథకం వర్తించదు. పాలసీ లేదు. ఆ ఏడాది తోటా దెబ్బతింది. సారు పేరు మీద కార్డుంది, అందులో భార్య ఫోటో ఉంది, ఆ ఫోటో చూస్తే ఇద్దరిలో ఎవరైనా కావచ్చు. సుగుణమ్మను అనసూయమ్మ పేరుతో ఆసుపత్రిలో చేర్చారు. ఫోటో తీసే అమ్మాయి ఒకసారి కార్డు చూసి, ఒకసారి మొహం చూసి తలూపిందట. అప్పుడు వేలిముద్ర అడగలేదట. ఎవరినో మోసం చేస్తున్నామని ఆ ఇంట్లో ఒక్కరికీ అనిపించలేదు. ఒకే పొయ్యి మీద అన్నం తినేవాళ్ళకు ఒకే కార్డు అన్నట్టే తోచింది. ఇంట్లో ఒకరి చీర ఒకరు కట్టుకున్నట్టు, ఒకరి పేరు ఒకరు వాడుకున్నారు.

నేను ఆ కారులో మనసులో ఎంత తిట్టుకున్నానో చెప్పలేను. కంచే చేను మేసిందనుకున్నాను. చూసి రాస్తే చూపించినవాణ్ణీ కొట్టే మనిషి ఇలా చేస్తాడా అని. పక్కన చూస్తే ఆయన భార్య చేయి పట్టుకుని ఉన్నారు, పిల్లాడు తప్పిపోతాడని పట్టుకున్నట్టు. 

ఆ సాయంత్రమే వాళ్ళింట్లో అందరం కూర్చున్నాం. సుగుణమ్మకు అప్పుడే తెలిసింది. నిలబడ్డ మనిషి గుమ్మంలోనే కూలబడింది. అక్క ముదురు రంగులే కడుతోందని, ముసలితనంలో షోకులని రోజూ ఎగతాళి చేసేదట. అక్క తన బట్టలు వేకువనే విడిగా ఉతుక్కుంటుంటే, నా చేతి ఉతుకు నచ్చడం లేదా అని అలిగిందట. ఒకే నల్లా దగ్గర బట్టలుతికే అక్కాచెల్లెళ్ళు. అంత దగ్గర నుంచి ఎలా దాచిందో తలుచుకుంటే ఇప్పటికీ నాకు నమ్మశక్యం కాదు.

నాగేశ్వర్రావు మంచివాడే గానీ భయస్తుడు. ఎవరికీ చెప్పొద్దు, ఖమ్మంలో డబ్బు కట్టి గుట్టుగా చేయిద్దామన్నాడు. నేను నా వృత్తి తెలిసినంత మేరకు చెప్పాను. కొత్త పాలసీ దేనికీ ఇప్పుడు ఈ రోగం పట్టదు, పాలసీకి ముందే ఉన్న రోగానికి ఏళ్ళ తరబడి వెయిటింగ్ పీరియడ్ ఉంటుంది, అంటే అప్పటి దాకా ఆ రోగానికి పైసా రాదు. కార్డు మీద చేయిద్దామంటే కార్డు దృష్టిలో ఆమెకు ఆ అవయవమే లేదు. డబ్బు కట్టి గుట్టుగా చేయించినా, రేపు ఇంకో డాక్టరు పాత రికార్డు చూసి ఆ వైపు వెతకడం మానేస్తే? ఇది మందులకు లొంగే పొట్టనొప్పి కాదు, ఏళ్ళ తరబడి చూపించుకోవాల్సిన రోగమైతే ఒళ్ళు ఒక మాట, కాగితం ఒక మాట చెబుతుంటే ప్రాణం మీదికొస్తుంది.

అనసూయమ్మగారు అంతా విని, నా చెల్లెను దొంగను చేయకండి అన్నారు. అంతే అన్నారు. నాగేశ్వర్రావు తల దించుకున్నాడు. సుగుణమ్మ గుమ్మంలోంచి లేవలేదు. ఏ నిర్ణయమూ కాకుండానే నేను ఇంటికొచ్చేశాను. 

ముక్క పరీక్ష ఖమ్మంలో సొంత డబ్బుతో చేయించారు. ఫలితం వచ్చిన రోజు నన్నూ రమ్మన్నారు. క్యాన్సరే. అయితే ఇంకా లోపలి పొర దాటలేదని, వెంటనే గర్భసంచి తీసేస్తే బతుకుతుందని డాక్టరు చెప్పింది. ఆలస్యం చేస్తే నేను మాట ఇవ్వలేనంది. సారు అలవాటుగా జేబులోంచి హెల్త్ కార్డు తీశారు. తీశాక తన చేతిలోకి తానే చూసుకున్నారు. కార్డు డెస్కు దగ్గరకు నడిచాం, ఎందుకు నడిచామో ఎవరికీ తెలియకుండానే.

డెస్కు దగ్గరున్న అతను డాక్టరు చీటీ చూసి, కార్డు నంబరు కొట్టి, తల అడ్డంగా ఊపాడు. ఈమెకు ఈ ఆపరేషన్ అయిపోయింది సార్, మళ్ళీ ఎలా చేస్తారు, రెండు గర్భసంచులుంటాయా అని నవ్వాడు. వెనక లైనులో ఉన్నవాళ్ళూ నవ్వారు. నాగేశ్వర్రావు అన్న చెవిలో, పోదాం పద, డబ్బు కడదాం అంటున్నాడు.  

సుగుణమ్మ అందర్నీ తప్పించుకుని ముందుకొచ్చింది.

"ఆ ఆపరేషన్ నాది బాబూ. మా అక్క పేరు మీద నేను పండుకున్న."

అతనికి అర్థం కాలేదు. ఆమె చీర చెంగు తొలగించి, కుచ్చిళ్ళు కొంచెం కిందికి నొక్కి పట్టింది. బొడ్డు కింద నిలువునా కోత, కుట్లు పడ్డ గుర్తులు. గుళ్ళో కూడా కొంగు జారనివ్వని మనిషి. లైనులో నవ్వినవాళ్ళు గోడల వైపు తిరిగారు.

"ఇగో, కోత నా ఒంటి మీదుంది. మా అక్కకు లేదు. ఏం రాసుకుంటవో రాస్కో, ఎవల్ని పిలుస్తవో పిలువు. దాని ఆపరేషన్ దానికి చెయ్యండి."

అనసూయమ్మగారు చెల్లె చెంగు పట్టుకుని కప్పడానికి చూశారు. చెల్లె ఆ చేయి తీసేసింది. నాకు అక్కడే ఏడుపొచ్చింది, ఆపుకోలేదు.

అప్పుడు సారు ముందుకొచ్చారు. నా వైపు చూసి అన్నారు. "చూసి రాసినోనికి, చూపిచ్చినోనికి ఒకటే శిక్ష అని మీకు చెప్పేటోణ్ణి గదా మాధవీ. కార్డు నాది. సంతకం నాది." కాగితం అడిగి, నిలబడే రాశారు. జరిగింది జరిగినట్టు, తమ్ముడి పేరు గానీ మరదలి తప్పు గానీ లేకుండా, అంతా తన మీదే వేసుకుని. సుగుణమ్మ దాన్ని చదివించుకుని, తన పేరు కూడా రాయమని పట్టుబట్టింది. లేకపోతే ఆ కాగితం కూడా అబద్ధమే అవుతుందంది.

కేసు పెడతారని అందరం హడలిపోయాం. పెట్టలేదు. విచారణ జరిగింది, కార్డు కొన్నాళ్ళు ఆపేశారు, పాత ఆపరేషన్ ఖర్చు సారు పింఛనులోంచి కోసుకోవాలని రాశారు. అనసూయమ్మగారి ఆపరేషన్ అన్నాళ్ళు ఆగేది కాదు. నాగేశ్వర్రావు ట్రాక్టరు అమ్మి, ఆ వారంలోనే చేయించాడు. భయస్తుడని అన్నాను గదా, ఆ మాట కొంచెం వెనక్కు తీసుకుంటున్నాను. ఆపరేషన్ చేసిన డాక్టరు, ఇంకో ఆరు నెలలు ఆగి ఉంటే ఏమయ్యేదో నేను చెప్పదల్చుకోలేదు అంది. రికార్డు సరి కావడానికి చాలా కాలం పట్టింది గానీ అయింది.

ఇక పాలసీ. మూడో కంపెనీ సారును తీసుకుంది, అనసూయమ్మగారిని తీసుకోలేదు. తీసుకోదని నాకు ముందే తెలుసు. అయినా రిటైరైనవాళ్ళు వచ్చి ఏ కంపెనీ మంచిదమ్మా అంటే ఇప్పటికీ నేను ఆ మాటే చెబుతాను. ప్రీమియం తరువాత చూడండి, ఆసుపత్రుల జాబితా తరువాత చూడండి, ముందు మీ ఒళ్ళు చూడమని అడిగే కంపెనీని చూడండి. ఆ రోజు టెస్టుల్లేని కంపెనీకి సరేనని ఉంటే కమీషన్ అప్పుడే వచ్చేది. అనసూయమ్మగారు ముదురు రంగు చీరలు కట్టుకుంటూనే ఒకరోజు పోయేవారు. మేమంతా వెళ్ళి, పెద్ద వయసు అని సరిపెట్టుకుని వచ్చేవాళ్ళం. 

ఇంకొకటి మారింది. భార్య ఒంటి సంగతి భర్తను అడగడం మానేశాను. భర్తల్ని కింద ఎరువుల దుకాణంలో టీ తాగమని పంపించి, తలుపు దగ్గరగా వేసి, ఆడవాళ్ళను విడిగా అడుగుతాను. తీసేసినవి ఏవి, ఉన్నవి ఏవి, ఎవరికీ చెప్పనిది ఏదైనా ఉందా అని. మొదట గొణుగుతారు, తరువాత చెబుతారు. ఇలా చెప్పినవాళ్ళలో మరో ఇద్దరు తమది కాని పేరుతో ఆపరేషన్ చేయించుకున్నవాళ్ళు. 

మరుసటి ఏడాది మిరప కోతల రోజుల్లో సుగుణమ్మ వచ్చింది. గదినిండా జనం. మిరపకాయలు అమ్ముకుని వచ్చిన రైతులు, ఒక రిటైర్డ్ కండక్టరు, ఆయన భార్య. కూర్చోమ్మా, వీళ్ళ పని కానిచ్చి తలుపు వేసుకుని మాట్లాడుకుందామన్నాను. ఆమె కూర్చోలేదు. తనకొక పాలసీ కావాలని, టెస్టులు చేసే కంపెనీదే కావాలని అంది. అందరూ వింటుండగానే, నా టేబుల్ మీద చేయి పెట్టి చెప్పింది.

"తలుపెందుకు గనీ, ముందు గిది రాస్కో మాధవీ. నాకు గర్భసంచి లేదు. తీసేసిన్రు. నాకే తీసేసిన్రు."

కండక్టరు భార్య నోటికి చెంగు అడ్డం పెట్టుకుంది. నేను ఫారం తీసి, సుగుణమ్మ పేరు రాసి, దాని కింద మొదటి వరుసలో ఆ ఆపరేషన్ రాశాను.